టక్ మన్నదా?

అక్టోబర్ 6, శుక్రవారం

సీటు వచ్చింది. హైదరాబాద్‌లో, యూనివర్సిటీలో, ఎం.ఏ. తెలుగు, హాస్టల్‌తో సహా. ఫోనులో నా పేరు, పక్కన 'కేటాయించబడినది' అన్న మాట. ఆ మాట ఇన్నాళ్ళూ బియ్యానికీ ఇళ్ళ జాగాలకూ మాత్రమే వాడగా విన్నాను. నాకు కూడా ఒకటి కేటాయిస్తారని అనుకోలేదు.

27వ తేదీ సాయంత్రం నాలుగు లోపల వెళ్ళి చేరాలి. లేకపోతే సీటు వేరొకరికి పోతుంది.

బాపుకు చెప్పాను. వాకిట్లో కారు అద్దం తుడుస్తున్నాడు.

"ఏం సదువు?"

"ఎం.ఏ. తెలుగు."

"తెలుగు నీకు రాదా ఏంది? పుట్టినప్పటిసంది గదే మాట్లాడుతున్నవ్ గద."

నేను నవ్వాను. బాపు నవ్వలేదు. అద్దం మొత్తం తుడిచి, గుడ్డ పిండి, అప్పుడు అన్నాడు: "ముందుగాల బండి సంగతి కానీ. బండి మంచిగైతే నేనే దింపొస్త. బస్సుల పోవుడు గిట్ల మాత్రం వద్దు."

అంటే ఒప్పుకున్నట్టే. ఒప్పుకున్నట్టే కదా.

బండి జబ్బు పదిహేను రోజులది. వేడెక్కితే నడిరోడ్డు మీద ఆగిపోతుంది. అరగంట చల్లారితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. క్రాంక్ సెన్సర్ పోయిందని బాపు తేల్చాడు. బొటనవేలంత వస్తువు. ఇంజన్ తిరుగుతోందని కనిపెట్టి చెప్పడం దాని పని. అది చెప్పడం మానేస్తే ఇంజన్ ఆగిపోతుంది. తాను నడుస్తున్నానని ఒకరు చెప్తే తప్ప నడవలేని యంత్రం!

పాత మోడల్ కాబట్టి జడ్చర్లలో దొరకదట. హైదరాబాద్ నుంచి కొరియర్‌లో రావాలి.

అక్టోబర్ 9, సోమవారం

సెన్సర్ రాలేదు. కొరియర్ ఆఫీసు మీదుగానే వచ్చానని బాపు చెప్పాడు.

ఈరోజు దివిటిపల్లి దగ్గర ఆగింది. బండిలో సైదమ్మవ్వ ఉంది. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంటుంది. సోమవారం, గురువారం మహబూబ్‌నగర్ దవాఖానకు బాపే తీసుకుపోతాడు, రక్తం శుద్ధి చేయించడానికి. సాయంత్రం మా అరుగు మీద కూర్చుని చెప్పింది:

"నాకు వారానికి రెండుమార్ల మిషను పెడ్తరు. మీ బండికి దినాం పెట్టాల్సొస్తాంది. సగం బాటల నీళ్ళ సీసా పట్టుకొని దిగిండు మీ నాయిన. నాకేమో గుక్కెడు నీళ్ళే తాగాలని డాక్టర్ లెక్కవెట్టె, దానికేమో సీసకు సీస పోసె."

బాపు కూడా నవ్వాడు.

అక్టోబర్ 10, మంగళవారం

సెన్సర్ రాలేదు.

కొత్త మాట: నిరీక్షణ. ఎదురుచూపు కంటే పొడవుగా ఉంది. అంతే తేడా.

అక్టోబర్ 12, గురువారం

సుచరిత మేడం ఫోన్ చేశారు. డిగ్రీలో మాకు తెలుగు చెప్పింది ఆమే, ఈ డైరీ ఇచ్చింది కూడా ఆమే.

"సర్టిఫికెట్లు సర్దుకున్నావా కోమలా?"

"సర్దుకున్నాను మేడం."

"ఎప్పుడు బయలుదేరుతున్నావు?"

"బండి అవ్వగానే మేడం."

"ఏం బండి?"

పొయ్యి మీద అన్నం ఉందని చెప్పి పెట్టేశాను. అన్నం అప్పటికే దించాను.

మధ్యాహ్నం మెకానిక్ గుర్వయ్య ఇటుగా పోతూ స్కూటర్ ఆపాడు. "వీరేశమన్నా, నా షెడ్డుకు తే. సెన్సర్ నేను దొర్కవడ్త, అరపూట పని" అన్నాడు.

"పధ్నాలుగేండ్లాయె. నా బానెట్ మీద పరాయి చెయ్యి పడలే" అన్నాడు బాపు.

"వంగనీకి నీ నడుము ఏడున్నదన్నా? ఎండకాలంల దవాఖానల పండి వస్తివి."

"నా బిడ్డున్నది."

గుర్వయ్య నా వైపు చూసి నవ్వాడు. నేను లోపలికి వచ్చాను. నా బిడ్డున్నది. ఆ మాట మూడు సార్లు రాసుకుని చూశాను. గర్వంగానే అన్నాడు. అమ్మ పోయినప్పటి నుంచి, ఈ మూడేళ్ళుగా, అన్నిటికీ అదే మాట అంటాడు. వంట ఎవరు చేస్తరు? నా బిడ్డున్నది. రాత్రి జ్వరం వస్తే? నా బిడ్డున్నది.

అక్టోబర్ 14, శనివారం

ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు తేవడానికి వెళ్ళాల్సింది. బాపు నడుము పట్టేసింది, నూనె రాయాల్సి వచ్చింది.

సెన్సర్ రాలేదు.

అక్టోబర్ 15, ఆదివారం

కొరియర్ ఆఫీసుకు నేనే వెళ్ళి అడగనా అన్నాను. ఆదివారం ఉండదన్నాడు. రేపు వెళ్తానన్నాను. రేపు తానే పోతానన్నాడు.

హైవే దాటి నేను ఆఖరుసారి వెళ్ళింది జూన్‌లో, పరీక్షకు.

అక్టోబర్ 16, సోమవారం

ఈరోజు బండి గంటసేపు లేవలేదట. వచ్చేటప్పుడు. మధ్యాహ్నం, చెట్టు లేని చోట. మిషను మీది నుంచి దిగిన సైదమ్మవ్వ వెనక సీట్లో పడుకుని ఉంది. ఎగశ్వాస వచ్చిందట. బాపు రోడ్డు మధ్యలో నిలబడి లారీలకు చేతులు ఊపాడట. ఒక పాల బండి అబ్బాయి ఆపి ముందు సీట్లో ఎక్కించుకుని తెచ్చాడు.

ఇదంతా అవ్వే చెప్పింది. బాపు అన్నం కలిపి తినకుండా లేచాడు. చేయి కడుక్కునే దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

అక్టోబర్ 17, మంగళవారం

సెన్సర్ వచ్చింది!! బాపు పొద్దున్నే ఎటో వెళ్ళి తెచ్చాడు. చిన్న ప్లాస్టిక్ సంచిలో నల్లగా ఉంది.

"రేపు బిగిద్దాం. నీ చెయ్యే పడతది ఆడ" అన్నాడు.

ఇంకా పది రోజులున్నాయి. పది రోజులు చాలా ఎక్కువ.

అక్టోబర్ 18, బుధవారం

ఇది పూర్తిగా రాస్తాను, ఎప్పుడైనా కథ రాస్తే పనికొస్తుంది.

ముందు బ్యాటరీ నల్ల వైరు విప్పించాడు. ముందు చక్రాల దగ్గర జాకీ పెట్టి లేపాం. జాకీని నమ్మొద్దని, రెండు బండరాళ్ళు, వాటి పైన స్టెప్నీ టైరు కూడా కారు కిందికి తోయించాడు. గోనెసంచి పరిచి నన్ను కిందికి పంపి, తాను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కింది నుంచి నాకు బాపు చెప్పులు మాత్రమే కనిపించాయి.

కారు కింద ఆకాశం జానెడు ఎత్తులో ఉంటుంది. నల్లగా, జిడ్డుగా. ముక్కు తగులుతుందేమో అనిపించింది. పక్కకు తిరగాలంటే మోచేయి ఇరుక్కుంటుంది. ఊపిరి గట్టిగా తీసుకుంటే ఛాతీకి ఇనుము తగులుతుందని భయమేసి, కొంచెం కొంచెంగా తీసుకున్నాను. నన్ను నేనే అడిగాను: బాపు ఇట్లా పధ్నాలుగేళ్ళు పడుకున్నాడా?

"కనవడ్తాందా?"

"ఏది బాపు?"

"గేరుబాక్సు అతుకు కాడ, నల్లగ. దాని మూతికి వైర్లుంటయ్ చూడు. కప్లర్ అంటరు దాన్ని."

"కనబడ్డది."

"లాకు ఉంటది. గోరుతోని నొక్కి గుంజు. బలిమి చెయ్యకు, ఎండకు ఎండి పెళుసైతయ్ అవి."

కప్లర్ తీశాను. తర్వాత టెన్ నంబర్ పానా. బోల్టు తుప్పు పట్టి రాలేదు. బాపు నూనె చుక్క వేయించి, పావుగంట ఆగమన్నాడు. ఆ పావుగంటా నేను బయటికి రాలేదు, వస్తే మళ్ళీ లోపలికి పోలేనేమో అనిపించింది. బోల్టు వచ్చింది. పాత సెన్సర్‌ను అటూ ఇటూ తిప్పుతూ లాగితే వచ్చింది, మూతికి ఇనుప రజను మీసంలా అంటుకుని ఉంది. కొత్తదాని రబ్బరు రింగుకు నూనె రాసి దించాను. బోల్టు బిగించాను. కప్లర్ ఎక్కించాను.

"టక్ మన్నదా?" అన్నాడు బాపు.

"ఆఁ, అన్నది."

"నాకు వినవడలే."

"అన్నది బాపు."

బయటికి వచ్చాక నా మొహం చూసి ఈరోజు మొదటిసారి నవ్వాడు. "గిప్పుడు మా అవ్వ లెక్కనే ఉన్నవ్, పొయ్యి ఊది ఊది" అన్నాడు. సెల్ఫ్ కొడితే ఒక్కసారికే లేచింది. గంటసేపు నిలబెట్టి తిప్పాడు. వేడెక్కింది. ఆగలేదు.

"మెకానిక్‌వైతివి" అన్నాడు. "అయితే 27కు పోదామా?" అన్నాను. "దసరా కానీ" అన్నాడు.

అక్టోబర్ 19, గురువారం

పోయి వచ్చారు. ఎక్కడా ఆగలేదు. సైదమ్మవ్వ నాకు రెండు అరటిపళ్ళు పంపింది. ఆమె తినకూడదట అవి.

టక్ మని శబ్దం వచ్చింది. నేను విన్నాను. నిన్న కూడా రాశాను.

అక్టోబర్ 20, శుక్రవారం

లాకు లేకపోయినా కప్లర్ బిగుతుగానే కూర్చుంటుంది. లోపల రబ్బరు ఉంటుంది కాబట్టి.

అక్టోబర్ 21, శనివారం

అమ్మ సూట్‌కేసు దించి తుడిచాను. రెండు లాకులలో ఎడమది సరిగా పడదు. బట్టలు, సర్టిఫికెట్లు, నిఘంటువు.

పెన్సిల్ డబ్బా సర్దుతుంటే అది మళ్ళీ చేతికి వచ్చింది. జొన్న గింజంత నల్ల ప్లాస్టిక్ ముక్క. బుధవారం నుంచి అందులోనే ఉంది. ఎవరూ చదవని డైరీలో కూడా నేను దాని గురించి రాయలేదు.

గోరు ఆనలేదు. అందుకని స్క్రూడ్రైవర్ పెట్టాను. బాపు వద్దన్నది అదే. కప్లర్ లాకు చిట్లి నా చెంప మీద పడింది. ఎక్కించేటప్పుడు టక్ మనడానికి అక్కడ ఏమీ లేదు. అన్నదని చెప్పాను. అనలేదంటే కప్లర్ మార్చాలి, దానికి మళ్ళీ కొరియర్ రావాలి, అది ఎన్ని రోజులకు వస్తుందో. నేను లెక్క వేసింది ఒక్క సెకను మాత్రమే. అంత తొందరగా లెక్కలు చేయగలనని నాకు తెలియదు.

మూడు రోజులు బాగా నడిచింది. నడిచింది కదా.

అక్టోబర్ 22, ఆదివారం

సద్దుల బతుకమ్మ. అందరం చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతుంటే నా వరుస రెండుసార్లు తప్పింది. కోమలకు అప్పుడే పట్నం గాలి తగిలిందని ఎవరో ఎగతాళి చేశారు.

సాయంత్రం పూలు వదిలి వచ్చేసరికి బాపు జమ్మి గురించి మాట్లాడడానికి వెళ్ళాడు. బానెట్ లేపి, పైనుంచి చేయి దూర్చి తడిమాను. బోల్టు అందదు కానీ కప్లర్ అందుతుంది. కప్లర్ సగం బయటికి వచ్చి ఉంది. ఇంకొక రెండు గుంతలు పడితే ఊడిపోయేది.

నొక్కాను. గట్టిగా నొక్కాను. ఇప్పుడు సరిగ్గా ఉంది.

రేపు సోమవారం. దసరాకు మిషను ఆగదు.

అక్టోబర్ 23, సోమవారం

పొద్దున ఆరింటికే బాపు తలస్నానం చేసి కారు కడిగాడు. చెప్దామని వాకిట్లోకి వచ్చేసరికి పానాలన్నీ పీట మీద పరిచి ఉన్నాయి. జాకీ, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేరు, అన్నిటికీ పసుపు, కుంకుమ. పానాలు కట్టగా చేసి పసుపు దారం చుట్టాడు. పూజలో పెట్టినవి సాయంత్రం జమ్మి తెచ్చేదాకా ఎవరూ ముట్టకూడదు. ఆ ఒక్కరోజు పనిముట్లకు సెలవని బాపు నమ్మకం. చిన్నప్పుడు ఒకసారి ముట్టుకున్నందుకు అమ్మ వీపు మీద కొట్టింది నన్ను.

బానెట్ మీద బంతి దండ. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. సైదమ్మవ్వ కొత్త చీర కట్టుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. "పెండ్లికి పోయినట్టున్నది కొడకా" అంది. బాపు కొబ్బరికాయ కొట్టి, స్టీరింగ్‌కు మొక్కి, తాళం పెట్టాడు.

నేను కారు ముందుకు వెళ్ళి నిలబడ్డాను. అనుకుని వెళ్ళలేదు.

"నిమ్మకాయలు తొక్కిచ్చేటప్పుడు ఎదురుంగ నిలవడ్తరా? జరుగు."

"బాపు, ఆగు."

"ఏందే?"

"టక్ అనలే."

బాపుకు వెంటనే అర్థం కాలేదు. నేను మళ్ళీ చెప్పాను. లాకు విరిగిందని, బుధవారమే విరిగిందని, నిన్న సగం ఊడి ఉందని.

బాపు దిగాడు. కొడతాడనుకున్నాను. వీధిలో పటాకుల చప్పుడు, ఎవరింట్లోనో పాటలు. బాపు నిమ్మకాయల వైపు చూశాడు. వెనక సీట్లోకి చూశాడు. సైదమ్మవ్వ కిటికీలోంచి తల బయటపెట్టి, "పదింటికి నా నంబరు వీరేశం. నువ్వు పిల్లను తిట్టుడు వచ్చినంక వెట్టుకో" అంది.

బాపు పీట దగ్గరకు వెళ్ళి, ఒక్క క్షణం చేతులు జోడించి, పానాల కట్ట నుంచి పసుపు దారం విప్పాడు. దారం ఒక్కటే తీశాడు. పానాలు అక్కడే ఉంచాడు.

"ఇగో. పైనుంచే చెయ్యి పెట్టు. కప్లర్‌కు రెండు సుట్లు, సెన్సర్ మెడకు రెండు సుట్లు. ముడెయ్యి. నీ చెయ్యే పడతది."

కట్టాను. వేళ్ళు పసుపయ్యాయి. చేయి బయటికి తీయగానే, "నువ్వు గూడ ఎక్కు. ఊడితే నువ్వే దిగి కట్టాల" అన్నాడు.

నాలుగు నిమ్మకాయలూ ఒకేసారి చితికాయి.

దారిలో ఒక్కో గుంతకూ ఇంజన్ ఆగిందేమోనని చెవి పెట్టి విన్నాను. జూన్ తర్వాత హైవే చూడడం ఇదే, కానీ ఏం చూశానో గుర్తు లేదు. దివిటిపల్లి దాటాం. ఆగలేదు. మహబూబ్‌నగర్ చేరాం.

సైదమ్మవ్వను మిషను గదిలోకి పంపి, ఇద్దరం కారులో కూర్చున్నాం. ముందు సీట్లలో, అద్దంలోంచి దవాఖాన గోడను చూస్తూ.

"ఎందుకు చెప్పలే?"

"చెప్తే హైదరాబాద్ పంపవని."

"చెప్పకుంటే పంపుదుననుకున్నవా?"

అంత పెద్ద నిఘంటువు ఉంది నా దగ్గర, ఇంట్లో సూట్‌కేసులో. బాపు దిగి, చాయ్ తాగి వస్తానని వెళ్ళిపోయాడు.

అప్పుడు నర్సు వచ్చి సైదమ్మవ్వ పాత చీటీ అడిగింది. డ్యాష్‌బోర్డులో ఉంటుందని వెతికాను. చీటీ దొరికింది. దాని కింద మడత పెట్టిన కొరియర్ కవరు. బాపు పేరు, మా వీధి పేరు. లోపల ఏముందో కవరు మీదే రాసి ఉంది. జడ్చర్ల ఆఫీసు ముద్ర, అందిన తేదీ.

9 అక్టోబర్.

చీటీ నర్సుకు ఇచ్చాను. కవరును ఎట్లా ఉన్నదాన్ని అట్లాగే పెట్టాను. బాపు నాకూ ఒక చాయ్ తెచ్చాడు. తాగాను.

అక్టోబర్ 24, మంగళవారం

వెనక పేజీలు తిప్పి చూశాను. 9: సెన్సర్ రాలేదు. 10: రాలేదు. 14: రాలేదు. నా చేతిరాతే. ఎనిమిది రోజులు అది డ్యాష్‌బోర్డులో ఉంది, బాపు దాని పక్కనే కూర్చుని నీళ్ళ సీసాతో దిగుతూ ఎక్కుతూ ఉన్నాడు. 16న అవ్వకు ఎగశ్వాస వచ్చింది. 17న సెన్సర్ వచ్చింది.

కోపం వస్తుందేమోనని పొద్దుటి నుంచి చూస్తున్నాను. వస్తోంది, పోతోంది. బాపు ఎనిమిది రోజులు దాచాడు. నేను ఐదు రోజులు. ఇద్దరం దాచినదాని బరువు పడింది ఆ వెనక సీట్లో కూర్చున్న మనిషి మీదే.

సాయంత్రం బాపు పడుకున్నప్పుడు కారు తెరిచి, పెన్సిల్ డబ్బాలోని నల్ల ముక్కను ఆ కవరులో వేసి, మళ్ళీ మడత పెట్టి ఉంచాను.

అక్టోబర్ 25, బుధవారం

రాత్రి భోజనం దగ్గర:

"గా కవర్ చూసినవా?"

"చూసిన."

"ఊఁ."

కంచం ముందుకు జరిపి, "కూర ఇంకింత ఎయ్యి."

వేశాను.

అక్టోబర్ 26, గురువారం

దారం ఇంకా పట్టుకునే ఉంది. సైదమ్మవ్వను తీసుకుపోయి తెచ్చాడు.

తెచ్చాక ఇంటికి రాలేదు. ఐదింటికి నడుచుకుంటూ వచ్చాడు. బండి ఏదని అడిగాను.

"గుర్వయ్య షెడ్డుల పెట్టిన. కొత్త కప్లర్ ఏస్తడట. మూడు దినాలంట."

బాపు చెప్పులు విప్పుతూ, "గాడు బానెట్ ముందట నిలవడి చేతులు జోడించిండు. ముట్టుకోవాల్నా అన్నా, దూరంకెళ్ళే మొక్కాల్నా అంటడు" అన్నాడు. నవ్వబోయి ఆగిపోయాడు.

"మరి రేపు, బాపు?" అన్నాను.

"ఏడింటికి బస్సున్నది."

అక్టోబర్ 27, శుక్రవారం

హాస్టల్ గదిలో రాస్తున్నాను. మంచం కిటికీ దగ్గర దొరికింది.

బస్సులో బాపు పక్కనే కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపు ముందు సీటు కమ్మీ పట్టుకున్నాడు, తర్వాత అమ్మ సూట్‌కేసును ఒళ్ళో పెట్టుకున్నాడు. నడుముకు బరువని చెప్పినా వినలేదు. డ్రైవర్ బ్రేకు వేసినప్పుడల్లా బాపు కుడికాలు బస్సు నేలను తొక్కింది. షాద్‌నగర్ దాటేదాకా చూశాను, ఒక్కసారి కూడా మానలేదు.

"వంట ఎట్ల బాపు?" అన్నాను.

"సైదమ్మ నేర్పిస్తనన్నది. ఆమె ఉప్పు తినదు. సప్పిడి కూరలే వస్తయ్ నాకు" అన్నాడు.

పన్నెండున్నరకు సంతకం చేశాను. హాస్టల్ గేటు దాకానే బాపును రానిచ్చారు. అక్కడ సూట్‌కేసు నా చేతికి ఇస్తుంటే ఎడమ లాకు ఊడి మూత తెరుచుకుంది. నిఘంటువు మట్టిలో పడింది. బాపు వంగబోయి, నడుము పట్టుకుని ఆగిపోయాడు. నేనే మోకాళ్ళ మీద కూర్చుని, పుస్తకం దులిపి లోపల పెట్టి, మూత వేసి లాకు నొక్కాను.

"టక్ మన్నదా?" పైనుంచి బాపు గొంతు.

చెప్పులు మాత్రమే కనిపిస్తున్నాయి నాకు.

"అనలే బాపు."

"అయితే మళ్ళ నొక్కు" అన్నాడు.